మెయిల్ బౌన్స్ అయితే తప్పు ఎవరిది? మధ్యలో ఉన్న అంకె చూడండి

మనం పంపిన మెయిల్ అవతలి వాళ్లకి చేరకపోతే ‘మెయిలర్ డీమన్’ అనో, ‘మెయిల్ డెలివరీ సబ్‌సిస్టమ్’ అనో పేరుతో ఒక మెయిల్ వెనక్కి వస్తుంది. దీన్నే బౌన్స్ అంటాం. లోపల నాలుగు ఇంగ్లిష్ లైన్లు, కొన్ని అంకెలు ఉంటాయి. చాలామంది అడ్రస్‌లో స్పెల్లింగ్ ఒకసారి చూసుకుని, ఆ మెయిల్‌ని డిలీట్ చేసేస్తారు. ఒక్కరికి పంపిన మెయిల్ అయితే దాంతో పని అయిపోయినట్టే.

మెయిలింగ్ లిస్ట్‌లో మాత్రం కథ వేరు. ఒక్క అడ్రస్‌కి మెయిల్ పెడితే గ్రూప్‌లోని వెయ్యి మందికీ వెళ్లే ఏర్పాటు కదా అది. ఆ వెయ్యిలో నలభై మందికి చేరలేదనుకోండి. ఆ నలభై బౌన్సులూ మెయిల్ రాసిన మనిషికి రావు. లిస్ట్ నడిపే సాఫ్ట్‌వేర్‌కి వెళ్తాయి. అది వాటిని చదివి, ఎవరి పేరు మీద ఎన్ని పడ్డాయో లెక్క పెడుతుంది. హద్దు దాటిన మెంబర్‌కి మెయిల్స్ ఆపేస్తుంది. కొన్నాళ్లకి లిస్ట్ నుంచే తీసేస్తుంది. ఈ లెక్క సరిగ్గా నడిచినంత కాలం ఎవరికీ దాని గురించి తెలియదు. లెక్క తప్పితే మాత్రం ఏ తప్పూ చేయని మెంబర్లు గుంపులు గుంపులుగా బయటికి పోతారు. 2014 ఏప్రిల్‌లో అచ్చం ఇలాగే జరిగింది. ఆ కథకి వచ్చే ముందు బౌన్స్ ఎలా పని చేస్తుందో చూద్దాం.

‘ఈ రోజుల్లో మెయిలింగ్ లిస్టులు ఎవరు వాడుతున్నారు, అంతా టెలిగ్రామ్, డిస్కార్డే కదా’ అనుకోవద్దు. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్న లినక్స్ కెర్నల్‌కి కోడ్ మార్పులు ఇప్పటికీ మెయిలింగ్ లిస్టుల్లోనే వస్తాయి, అక్కడే రివ్యూ అవుతాయి. డెబియన్, పోస్ట్‌గ్రెస్, జీసీసీ లాంటి ప్రాజెక్టులదీ అదే దారి. ఓపెన్ సోర్స్‌లోకి వెళ్దామనుకునే బీటెక్ స్టూడెంట్‌కి మొదటి గుమ్మం చాలాసార్లు మెయిలింగ్ లిస్టే. కాలేజీ అలుమ్ని గ్రూపులు, న్యూస్‌లెటర్లు కూడా దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తాయి.

కవర్ మీద అడ్రస్ వేరు, ఉత్తరంలో పేరు వేరు

పాత రోజుల్లో పత్రికలకి కథలు పంపేవాళ్లు తిరుగు టపాకి సరిపడా స్టాంపులు అంటించి, తమ అడ్రస్ రాసిన ఖాళీ కవర్ ఒకటి జతచేసేవాళ్లు. కథ నచ్చకపోతే ఆ కవర్‌లో పెట్టి తిప్పి పంపేవాళ్లు. కథ కింద రచయిత కలం పేరు ఏదైనా ఉండొచ్చు. వెనక్కి వెళ్లేది మాత్రం ఆ కవర్ మీదున్న అడ్రస్‌కే.

ఈమెయిల్‌లో కూడా సరిగ్గా ఇలాంటి రెండు అడ్రసులు ఉంటాయి. మీకు యాప్‌లో కనిపించే ‘ఫ్రమ్’ ఉత్తరంలోని సంతకం లాంటిది. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు ‘మెయిల్ ఫ్రమ్’ అని విడిగా చెప్పుకునే అడ్రస్ కవర్ మీదది. ఇది 1982లో వచ్చిన ఎస్ఎంటీపీ స్టాండర్డ్ నుంచీ ఇలాగే ఉంది. బౌన్స్ ఎప్పుడూ కవర్ అడ్రస్‌కే వెళ్తుంది. చూడాలనుకుంటే కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఏదైనా మెయిల్ పక్కనున్న మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కండి. అందులో ‘రిటర్న్ పాత్’ అనే లైన్ ఉంటుంది. అదే ఆ తిరుగు టపా కవర్. లిస్ట్ నుంచి వచ్చిన మెయిల్ అయితే అక్కడ రాసిన మనిషి అడ్రస్ కాకుండా లిస్ట్ అడ్రస్ కనిపిస్తుంది.

మరి బౌన్స్ మెయిలే బౌన్స్ అయితే? దానికి ఇంకో బౌన్స్, దానికి మరొకటి... రెండు సర్వర్లు రాత్రంతా బంతాట ఆడుకుంటాయి. అందుకే బౌన్స్ పంపేటప్పుడు కవర్ మీద ఫ్రమ్ అడ్రస్ ఖాళీగా వదలాలని రూల్ పెట్టారు. ఖాళీ కవర్‌ని ఎవరూ వెనక్కి పంపలేరు కదా. చిన్న రూలే గానీ, మెయిల్ వ్యవస్థ ఇన్నేళ్లు నిలబడటానికి ఇలాంటివే కారణం.

బౌన్స్ రెండు రకాలుగా పుడుతుందని కూడా గుర్తుంచుకోండి. మెయిల్‌ని గుమ్మం దగ్గరే అవతలి సర్వర్ ‘తీసుకోను’ అంటే, పంపుతున్న మన సర్వరే మనకి బౌన్స్ రాసిస్తుంది. ఇది మంచి పద్ధతి. ముందు మెయిల్ తీసేసుకుని, తర్వాత ‘ఇలాంటి మనిషి లేడు’ అని తిప్పి పంపేవి ఇంకొన్ని. వీటితో చిక్కేంటంటే, స్పామర్ కవర్ మీద మీ అడ్రస్ దొంగతనంగా రాస్తే ఆ బౌన్సులన్నీ మీ ఇన్‌బాక్స్‌లో పడతాయి. మీరు పంపని మెయిల్‌కి మీకు బౌన్స్ వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే. వెంటనే అకౌంట్ హ్యాక్ అయిపోయిందని కంగారు పడక్కర్లేదు. సెంట్ ఫోల్డర్, లాగిన్ యాక్టివిటీ ఒకసారి చూసుకోండి చాలు. ఇంకొకటి, బౌన్స్ వేషంలో వచ్చే ఫిషింగ్ మెయిల్స్ కూడా ఉంటాయి. ‘మీ మెయిల్ ఆగిపోయింది, విడుదల చేయడానికి లాగిన్ అవ్వండి’ అంటే అది దొంగ మెయిలే. అసలు బౌన్స్ ఎప్పుడూ పాస్‌వర్డ్ అడగదు.

అంకెల్ని ఇలా చదవాలి

బౌన్స్‌లో 550 లాంటి మూడంకెల కోడ్, దాని పక్కన 5.1.1 లాంటి చుక్కల కోడ్ ఉంటాయి. మనకి పనికొచ్చేది రెండోది. మొదటి అంకె 4 అయితే తాత్కాలిక సమస్య, 5 అయితే ఇక లాభం లేదు అని అర్థం. ఇంతవరకు చాలామందికి తెలుసు. సాఫ్ట్ బౌన్స్, హార్డ్ బౌన్స్ అనే పేర్లు దీన్నిబట్టి వచ్చినవే.

కోడ్ 4తో మొదలైతే సర్వర్ వెంటనే ఓటమి ఒప్పుకోదు. మెయిల్‌ని క్యూలో పెట్టి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించమని ఎస్ఎంటీపీ స్టాండర్డే చెప్తుంది. ఎక్కువమంది వాడే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్‌లో డిఫాల్ట్ గడువు 5 రోజులు. కొన్ని సర్వర్లు కొత్త వాళ్ల మెయిల్‌ని మొదటిసారి కావాలనే 4 చెప్పి తిప్పి పంపుతాయి. స్పామర్ రెండోసారి రాడు, నిజమైన సర్వర్ వస్తుంది అని వాటి లెక్క. దీన్ని గ్రేలిస్టింగ్ అంటారు.

కానీ అసలు విషయం మధ్య అంకెలో ఉంది. తప్పు ఎవరిదో చెప్పేది అదే.

మధ్యలో 1 ఉంటే సమస్య అడ్రస్‌ది. 5.1.1 అంటే అలాంటి మెయిల్‌బాక్సే లేదు. మధ్యలో 2 ఉంటే అడ్రస్ ఉంది, మెయిల్‌బాక్స్‌కి ఏదో అయింది. 3, 4, 5 అంకెలు సర్వర్లు, నెట్‌వర్క్, ప్రోటోకాల్ గొడవలు, మెంబర్‌కి వాటితో సంబంధం లేదు. 6 అయితే మెయిల్‌లో ఉన్న కంటెంట్ సమస్య. 7 అయితే పాలసీ, సెక్యూరిటీ. అంటే ‘అడ్రస్ బాగానే ఉంది, మనిషీ ఉన్నాడు, నువ్వు పంపిన తీరు మాకు నచ్చలేదు’ అని అవతలి సర్వర్ చెప్తోందన్నమాట.

7కి మంచి ఉదాహరణ లినక్స్ కెర్నల్ లిస్టులే. అక్కడ ప్లెయిన్ టెక్స్ట్ మెయిల్స్ మాత్రమే తీసుకుంటారు. హెచ్‌టీఎంఎల్ ఉంటే 5.7.1 కోడ్‌తో తిప్పికొట్టడం చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. ఫోన్‌లోని జీమెయిల్ యాప్ నుంచి పంపే మెయిల్ సాధారణంగా హెచ్‌టీఎంఎల్‌గానే వెళ్తుంది. అందుకే ఫోన్ నుంచి రిప్లై ఇచ్చిన కొత్తవాళ్లకి బౌన్స్ వస్తుంది, వాళ్లేమో తమని బ్లాక్ చేశారేమో అనుకుంటారు. కంప్యూటర్‌లో ప్లెయిన్ టెక్స్ట్ మోడ్ ఆన్ చేసి అదే రిప్లై పంపితే సరిపోతుంది.

మధ్యలో 2 గురించి ఫోన్ వాడేవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 4.2.2 లేదా 5.2.2 అంటే మెయిల్‌బాక్స్ నిండిపోయింది అని. ‘నాకు రోజుకి పది మెయిల్స్ కూడా రావు, ఎలా నిండుతుంది’ అంటారా? గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ కలిసి వాడుకుంటాయి. 2021 జూన్ 1 నుంచి ఫొటోస్ బ్యాకప్ కూడా ఆ లెక్కలోకే వచ్చింది. ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్‌లు కూడా ఇప్పుడు అందులోకే. పెళ్లికి వెళ్లి నాలుగు 4కే వీడియోలు తీసి ఆటో బ్యాకప్ ఆన్‌లో వదిలేస్తే, వచ్చే మెయిల్ తిరిగి వెళ్లిపోవచ్చు. ఇంటర్వ్యూ కాల్ లెటర్ అయినా సరే. స్టోరేజ్ నిండిందనే ఎర్ర నోటిఫికేషన్‌ని పక్కకి తోసేసే వాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. పంపినవాళ్లకి బౌన్స్ కనిపిస్తుంది, మీకు మాత్రం ఏమీ కనిపించదు.

6కి మన భాషతో ఒక లింక్ ఉంది. 2012లో వచ్చిన స్టాండర్డ్ ప్రకారం ఈమెయిల్ అడ్రస్ మొత్తం తెలుగు లిపిలో ఉండొచ్చు. .భారత్ అనే డొమైన్ చివర కూడా తెలుగులో ఉంది. 2014 ఆగస్టు నుంచి జీమెయిల్ ఇలాంటి అడ్రసులకి మెయిల్ పంపగలదు, వాటి నుంచి తీసుకోగలదు. కానీ దారిలో ఒక్క సర్వర్ పాతదైనా ఇంగ్లిష్ కాని అక్షరాలు కుదరవంటూ 5.6.7 కోడ్‌తో వెనక్కి కొట్టేయొచ్చు. తెలుగు అడ్రస్ ముచ్చటగానే ఉంటుంది గానీ, లిస్టుల్లో చేరడానికి ఇప్పటికైతే ఇంగ్లిష్ అడ్రస్ వాడటమే నయం.

ఈ కోడ్‌లు అన్ని సర్వర్లూ నిజాయితీగా ఇస్తాయా అంటే, లేదు. మైక్రోసాఫ్ట్ 365 చాలాసార్లు లేని అడ్రస్‌కి 5.1.1 బదులు 5.4.1 ఇస్తుంది, పైగా ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది. అందుకే అంకెతో పాటు పక్కన రాసిన వాక్యం కూడా చదవాలి. సాఫ్ట్‌వేర్‌కి ఈ పని మనంత తేలిక కాదు.

తిరిగొచ్చింది ఎవరి మెయిల్?

ఇక్కడ లిస్టులకి ఇంకో తలనొప్పి ఉంది. ఒక అమ్మాయి కాలేజీ మెయిల్ ఐడీతో లిస్ట్‌లో చేరింది అనుకుందాం. ఆ ఐడీకి వచ్చేవన్నీ తన జీమెయిల్‌కి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకుంది. జీమెయిల్ నిండిపోయింది. బౌన్స్‌లో ఏ అడ్రస్ ఉంటుంది? జీమెయిల్‌ది. కానీ లిస్ట్‌లో ఆ జీమెయిల్ అడ్రసే లేదు. వెయ్యి మందిలో ఎవరిదో తెలియక అడ్మిన్ తల పట్టుకోవాల్సిందే.

దీనికి 1997లో డేనియల్ జె. బెర్న్‌స్టీన్ ఒక తెలివైన పరిష్కారం రాశారు. క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ తయారు చేసింది ఆయనే. ఈ పద్ధతి పేరు వెర్ప్. అందరికీ ఒకే తిరుగు టపా కవర్ పెట్టకుండా, ఒక్కొక్కరికి వాళ్ల పేరు రాసిన కవర్ పెట్టడమే ఇందులో కిటుకు. లిస్ట్ కవర్ అడ్రస్ మామూలుగా ‘లిస్ట్-బౌన్సెస్’ అయితే, వెర్ప్‌లో అది ‘లిస్ట్-బౌన్సెస్+సీత=కాలేజీ’ లాగా మారుతుంది. మెయిల్ ఎన్ని చోట్లకి ఫార్వర్డ్ అయినా, ఎవరు ఏ భాషలో బౌన్స్ రాసినా పర్వాలేదు. లోపలి లెటర్ చదవక్కర్లేదు, ఏ కవర్‌లో వచ్చిందో చూస్తే చాలు. ప్రతి మెంబర్‌కి విడిగా కాపీ పంపాలి కాబట్టి ఆ రోజుల్లో బ్యాండ్‌విడ్త్ ఎక్కువ ఖర్చవుతుందని కొందరు వెనకాడారు. ఇప్పుడు ఆ బాధ లేదు. న్యూస్‌లెటర్ సర్వీసులు పంపే మెయిల్స్‌లో రిటర్న్ పాత్ చూడండి, బారెడు పొడవున్న అడ్రస్ కనిపిస్తుంది. అది ఈ ఐడియాకి వారసత్వమే.

బౌన్సుల్ని వదిలేస్తే ఏమవుతుంది?

లేని అడ్రస్‌కి మెయిల్ పంపితే నష్టమేంటి, వదిలేయొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. పోయిన అడ్రసులకి పదేపదే పంపే సర్వర్‌ని జీమెయిల్ లాంటి పెద్ద సర్వీసులు స్పామర్‌గా అనుమానిస్తాయి. దాంతో బాగున్న మెంబర్ల మెయిల్స్ కూడా స్పామ్ ఫోల్డర్‌లోకి జారిపోతాయి. పాత అడ్రసుల్ని స్పామర్లని పట్టుకునే వలలుగా మార్చే సంస్థలూ ఉన్నాయి. మీరు సొంత యాప్ నుంచి అమెజాన్ ఎస్ఈఎస్‌తో మెయిల్స్ పంపుతుంటే రూల్ ఇంకా సూటిగా ఉంటుంది. హార్డ్ బౌన్సులు 5 శాతం దాటితే అకౌంట్‌ని రివ్యూలో పెడతారు, 10 శాతం దాటితే పంపడమే ఆపేయొచ్చు.

దీనికన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. 2013లో యాహూ చాలాకాలంగా వాడని ఐడీలని వెనక్కి తీసుకుని కొత్తవాళ్లకి ఇచ్చింది. అంటే మీ పాత ఐడీ ఇప్పుడు ఇంకెవరి చేతిలోనో ఉండొచ్చు. మధ్యలో కొన్నాళ్లు ఆ అడ్రస్ బౌన్స్ అవుతుంది, ఆ తర్వాత మళ్లీ ‘పనిచేస్తుంది’. ఆ బౌన్సుల్ని పట్టించుకోని లిస్ట్ మీ పేరున ఉన్న మెయిల్స్‌ని, పాస్‌వర్డ్ రీసెట్ లింకులతో సహా, ఎవరో తెలియని మనిషికి పంపుతూ ఉంటుంది. ఇది చిన్న భయం కాదు. ఫేస్‌బుక్, యాహూ ఇంజనీర్లు కలిసి ‘ఫలానా తేదీ తర్వాత ఈ అడ్రస్ ఓనర్ మారి ఉంటే మెయిల్ ఇవ్వొద్దు’ అని చెప్పే ప్రత్యేక హెడర్‌ని 2014లో స్టాండర్డ్‌గా తెచ్చారు. గూగుల్ ఇలా చేయదు. 2 ఏళ్లు వాడని అకౌంట్లని 2023 డిసెంబర్ నుంచి తీసేస్తోంది గానీ, ఆ జీమెయిల్ పేరు మళ్లీ ఎవరికీ ఇవ్వదు.

కాబట్టి తీసేయాలి. కానీ ఎంత తొందరగా, ఏ బౌన్స్ చూసి తీసేయాలి అన్నదే అసలు ప్రశ్న.

ఐదు పాయింట్ల లెక్క

మెయిలింగ్ లిస్టుల్లో ఎక్కువగా కనిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ గ్నూ మెయిల్‌మ్యాన్. దాని 2.1 వెర్షన్ లెక్క ఇలా ఉంటుంది. హార్డ్ బౌన్స్‌కి 1 పాయింట్, సాఫ్ట్ బౌన్స్‌కి అర పాయింట్. రోజుకి ఎన్ని బౌన్సులు వచ్చినా ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ఇది చాలా మంచి రూల్. లేకపోతే లిస్ట్‌లో గొడవ జరిగి ఒకే పూటలో ఇరవై మెయిల్స్ వచ్చిన రోజు, సర్వర్ గంటసేపు పడిపోయినవాళ్లు కూడా అవుట్ అయ్యేవాళ్లు. 7 రోజుల పాటు కొత్త బౌన్స్ ఏదీ రాకపోతే పాత పాయింట్లు చెరిగిపోతాయి. స్కోరు 5కి చేరితే మెయిల్స్ ఆగిపోతాయి. ఆ తర్వాత వారానికి ఒకటి చొప్పున 3 హెచ్చరికలు వెళ్తాయి. వాటిలోని లింక్ నొక్కితే మెంబర్‌షిప్ మళ్లీ మొదలవుతుంది. నొక్కకపోతే పేరు తీసేస్తుంది. ఇవన్నీ డిఫాల్ట్ విలువలు, అడ్మిన్ మార్చుకోవచ్చు.

చూడటానికి పద్ధతిగానే ఉంది. జీమెయిల్ నిండిపోయిన మనిషికి ఫొటోలు తీసేసుకునే టైమ్ దొరుకుతుంది. ఐడీ మూసేసిన మనిషి కొన్ని వారాల్లో వెళ్లిపోతాడు. అడ్మిన్ వేలు కదపక్కర్లేదు. ఇందులో ఒకే ఒక్క లోపం ఉంది. పాయింట్ వేసేటప్పుడు మొదటి అంకె 5 అయితే చాలు, మధ్యలో 1 ఉందా 7 ఉందా అనేది అది చూడలేదు.

2014 ఏప్రిల్‌లో ఏం జరిగింది

అప్పట్లో స్పామర్లు యాహూ యూజర్ల అడ్రస్ బుక్‌లు దొంగిలించి, వాళ్ల పేరుతోనే వాళ్ల స్నేహితులకి మెయిల్స్ పంపుతున్నారు. దీన్ని ఆపడానికి యాహూ డీమార్క్ అనే పద్ధతిని కఠినంగా అమలు చేసింది. డీమార్క్ అంటే డొమైన్ ఓనర్ పెట్టే ఒక ప్రకటన: ‘ఫ్రమ్‌లో నా పేరుండి, అది నిజంగా నా దగ్గర నుంచి వచ్చిందని రుజువు కాకపోతే, ఇలా చేయండి.’ ఏమీ చేయొద్దు, స్పామ్‌లో వేయండి, తిప్పి కొట్టండి అని మూడు ఆప్షన్లు. యాహూ మూడోది ఎంచుకుంది. బ్యాంకులు, పేమెంట్ కంపెనీల మెయిల్స్‌కి ఈ ఆప్షన్ బాగా సరిపోతుంది. కోట్లాది మంది మామూలు మనుషులు వాడే డొమైన్‌కి పెట్టడం మాత్రం అప్పటికి కొత్త.

రుజువుకి రెండు దారులు. ఒకటి ఎస్‌పీఎఫ్, అంటే మెయిల్ వచ్చిన సర్వర్‌కి కవర్ మీదున్న డొమైన్ అనుమతి ఇచ్చిందా అని చూడటం. ఇంకోటి డీకిమ్, అంటే మెయిల్ మీద వేసిన డిజిటల్ సీల్. రెండింటిలో ఏదో ఒకటి పాస్ అవ్వాలి, పాసైన డొమైన్ ఫ్రమ్‌లోని డొమైన్‌తో సరిపోవాలి.

ఇప్పుడు యాహూ ఐడీ ఉన్న ఒకాయన లిస్ట్‌కి మెయిల్ పెట్టాడు అనుకోండి. లిస్ట్ దాన్ని అందరికీ పంపేటప్పుడు కవర్ మీద తన అడ్రస్ వేస్తుంది, బౌన్సులు తనకే రావాలి కదా. దాంతో ఎస్‌పీఎఫ్ లిస్ట్ డొమైన్‌కి పాస్ అవుతుంది గానీ యాహూతో సరిపోదు. లిస్ట్ సబ్జెక్ట్ ముందు బ్రాకెట్లో తన పేరు చేర్చి, కింద అన్‌సబ్‌స్క్రైబ్ లైన్ అతికిస్తుంది. అక్షరం మారితే సీల్ చెల్లదు కాబట్టి డీకిమ్ కూడా పోయింది. లిస్టులు కొన్ని దశాబ్దాలుగా చేస్తున్న మామూలు పనులే ఇవి. కానీ జీమెయిల్ యాహూ పెట్టిన ప్రకటన చదివింది, చెప్పినట్టే చేసింది. లిస్ట్‌లో జీమెయిల్ ఉన్న ప్రతి మెంబర్ పేరు మీదా 5.7.1 లాంటి కోడ్‌తో ఒక్కో బౌన్స్ వెనక్కి వచ్చింది. హాట్‌మెయిల్ లాంటి మరికొన్ని పెద్ద సర్వీసులదీ అదే దారి. యాహూ కూడా తన సొంత యూజర్లకి వస్తున్న అవే మెయిల్స్‌ని తిప్పికొట్టింది.

మెయిల్‌మ్యాన్ 5 చూసింది, అందరికీ ఒక్కో పాయింట్ వేసింది. మర్నాడు ఇంకో యాహూ యూజర్ మెయిల్, ఇంకో పాయింట్. అలా ఐదు రోజులు గడిస్తే చాలు, లిస్ట్‌లోని జీమెయిల్ మెంబర్లు గుంపుగా ఆగిపోయారు. విచిత్రం చూడండి. మెయిల్ రాసిన యాహూ యూజర్‌కి ఏం జరిగిందో తెలియదు. శిక్ష పడింది చదివేవాళ్లకి. వాళ్ల అడ్రస్ భేషుగ్గా పనిచేస్తోంది, ఇన్‌బాక్స్‌లో బోలెడు ఖాళీ ఉంది. పైగా ‘మీ మెయిల్స్ బౌన్స్ అవుతున్నాయి’ అనే హెచ్చరిక వాళ్లకి చక్కగా అందింది కూడా, ఎందుకంటే అది లిస్ట్ సొంత అడ్రస్‌తో వచ్చింది, దానికి యాహూ రూల్ వర్తించదు! బౌన్స్ అవుతున్నాయని చెప్పే మెయిల్ బౌన్స్ కాకుండా వస్తే ఎవరు మాత్రం నమ్ముతారు? అదే నెలలో ఏఓఎల్ కూడా ఇదే రూల్ పెట్టడంతో గందరగోళం రెట్టింపైంది.

యాహూ చేసింది తప్పా? నా ఉద్దేశంలో వాళ్ల యూజర్లని కాపాడుకోవడంలో తప్పు లేదు. కానీ లిస్టులు ఎలా పనిచేస్తాయో డీమార్క్ తయారు చేసినవాళ్లకి ముందే తెలుసు. తగిన సర్దుబాట్లు వచ్చేదాకా ఆగకుండా స్విచ్ వేయడం వల్ల భారమంతా జీతం లేకుండా లిస్టులు నడిపే వాలంటీర్ల మీద పడింది.

మెయిల్‌మ్యాన్ 2.1.18 వెర్షన్ కొద్ది వారాల్లోనే వచ్చింది. అందులో, మెయిల్ రాసినవాళ్ల డొమైన్‌కి కఠినమైన డీమార్క్ ఉంటే ఫ్రమ్‌లో లిస్ట్ అడ్రస్ పెట్టే ఆప్షన్ చేర్చారు. గూగుల్ గ్రూప్స్‌లో పేరు పక్కన ‘వయా’ అని కనిపించడం వెనుక ఉన్నదీ ఇదే. చూడటానికి బాగుండదు, ప్రైవేట్‌గా ఇచ్చే రిప్లై పొరపాటున లిస్ట్‌కి పోయే ప్రమాదమూ ఉంది. కానీ మెంబర్లు మిగులుతారు. సబ్జెక్ట్‌నీ ఫుటర్‌నీ అసలు ముట్టుకోకుండా పంపడం ఇంకో దారి. అప్పుడు డీకిమ్ సీల్ చెదరదు. చాలా డెవలపర్ లిస్టులు దీన్నే ఎంచుకున్నాయి, నాకు నచ్చేదీ ఇదే. 2019లో ఆర్క్ అనే ఇంకో పద్ధతి వచ్చింది. లిస్ట్ చేతికి వచ్చినప్పుడు మెయిల్ అసలుదే అని మధ్యవర్తి సాక్ష్యం రాసే ఏర్పాటు అది. అయితే ఆ సాక్ష్యాన్ని నమ్మాలా వద్దా అన్నది తీసుకునే సర్వర్ ఇష్టం.

2024 ఫిబ్రవరి నుంచి రూల్స్ ఇంకా బిగిశాయి. జీమెయిల్, యాహూ రెండూ మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలన్నాయి. జీమెయిల్‌కి రోజుకి 5,000 దాటి పంపేవాళ్లకి రెండూ కావాలి, డీమార్క్ కూడా ఉండాలి. ప్రచార మెయిల్స్‌లో ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే బటన్ తప్పనిసరి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. ఇవి తప్పితే జీమెయిల్ ఇచ్చే కోడ్ చాలాసార్లు 5.7.26. మళ్లీ మధ్యలో 7. మెంబర్ తప్పు కాదు, పంపేవాళ్ల సెటప్ తప్పు.

మీ చేతిలో లిస్ట్ ఉంటే

కాలేజీ క్లబ్‌కో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కో లిస్ట్ నడుపుతున్నవాళ్లు ముందు ఒక పని చేయండి. గత నెలలో ఆగిపోయిన మెంబర్ల జాబితా తీసి, వాళ్ల డొమైన్లు చూడండి. ఒక్కో డొమైన్ నుంచి ఒకరిద్దరు, వేర్వేరు తేదీల్లో ఆగిపోతే అది సహజం. ఒకే వారంలో ఒకే డొమైన్ నుంచి ముప్పై మంది ఆగిపోతే వాళ్లలో ఎవరి తప్పూ లేదు, మీ సర్వర్‌కీ ఆ డొమైన్‌కీ మధ్య ఏదో చెడింది. అలాంటప్పుడు బౌన్స్ ప్రాసెసింగ్‌ని తాత్కాలికంగా ఆపి, ఆ ముప్పై మందిని తిరిగి ఆన్ చేసి, అప్పుడు ఎస్‌పీఎఫ్, డీకిమ్ సంగతి చూసుకోవాలి. వరుస తిరగేస్తే మీరు సరిచేసేలోపు వాళ్లు లిస్ట్‌లో ఉండరు.

సొంతంగా కోడ్ రాసుకుంటున్నవాళ్లయితే 5.1.1కి తొందరగా తీసేయండి, 5.2.2కి కొన్ని వారాలు ఆగండి. 5.7తో మొదలయ్యే వాటికి మెంబర్ ఖాతాలో ఏమీ వేయకుండా, అడ్మిన్‌కి అలర్ట్ పంపండి. ‘నేను సెలవులో ఉన్నాను’ అనే ఆటో రిప్లైలు కూడా బౌన్స్ అడ్రస్‌కి వచ్చి పడుతుంటాయి. వాటిని బౌన్సులుగా లెక్కపెట్టకుండా పక్కన పెట్టండి.

మెంబర్‌గా ఉన్నవాళ్లకి పని తక్కువే. ఫైనల్ ఇయర్‌లో ఉంటే, కాలేజీ ఐడీ మూసేయకముందే లిస్టులన్నింటిలో సొంత ఐడీకి మారిపోండి. తర్వాత మారాలంటే కన్ఫర్మేషన్ లింక్ ఆ పాత ఐడీకే వస్తే తెరిచే దారి ఉండదు. లిస్ట్ హఠాత్తుగా మూగబోతే, దాని వెబ్ ఆర్కైవ్ తెరిచి కొత్త మెయిల్స్ ఉన్నాయేమో చూడండి. అక్కడ ఉండి మీకు రావడం లేదంటే మీ మెంబర్‌షిప్ ఆగిందని అర్థం. హెచ్చరిక మెయిల్ స్పామ్‌లో ఉంటుందేమో వెతికి లింక్ నొక్కండి. రెండోసారీ అదే జరిగితే, ఊరికే మళ్లీ చేరకుండా అడ్మిన్‌కి రాసి, ‘నా పేరు మీద వచ్చిన చివరి బౌన్స్ కాపీ పంపండి’ అని అడగండి. అందులో చుక్కల కోడ్ మధ్య అంకె 2 అయితే మీరు గూగుల్ ఫొటోస్ తెరవాలి. 7 అయితే ఆ మెయిల్‌ని అలాగే అడ్మిన్‌కి తిరిగి ఫార్వర్డ్ చేయండి, ఆయన సర్వర్ సెట్టింగ్స్ తెరవాలి.